తెల్ల వైరు ఒక్కచోట కత్తిరిస్తే చాలు

ప్రశ్న: సార్, మాది గుంటూరు బ్రాడీపేట. మా తాతయ్య పొగాకు వ్యాపారం చేసే రోజుల్లో మద్రాసులో కొన్న 1969 మోడల్ ఎంజీబీ కారు మా దగ్గరుంది. ఆయన పోయాక పదేళ్ళు గోదాములో కవర్ కప్పుకుని ఉండిపోయింది. పోయినేడు నేను బయటికి తీసి బ్రేకులు, కార్బురేటర్లు చేయించాను. పొద్దున్నపూట చక్కగా స్టార్ట్ అవుతుంది. ఎండెక్కాక విజయవాడ వైపు బయల్దేరితే మాత్రం కాజ టోల్‌గేటు చేరేసరికి మిస్సింగ్ మొదలవుతోంది. 3,000 ఆర్పీఎం దాటితే గుర్రుమంటుంది, లాగదు. ఒకసారి పూర్తిగా ఆగిపోయింది, 20 నిమిషాలు చెట్టు కింద పెడితే మళ్ళీ స్టార్ట్ అయింది. మీటరు పెట్టి చూశాను. కీ ఆన్ చేస్తే బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, కాయిల్ దగ్గర 10.3 వోల్టులు చూపించింది. మా మేనమామ స్పోర్ట్స్ కాయిల్ కొనమంటున్నారు. ఎలక్ట్రీషియన్ ఏమో బ్యాటరీ నుంచి కాయిల్‌కి డైరెక్టుగా వైరు లాగి, డాష్‌బోర్డు కింద ఒక స్విచ్ పెడతానంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఎంత మందం వైరు వాడాలి? పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించమంటారా?

సమాధానం: మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ రెండు అంకెలు. చాలామంది "కారు మిస్సవుతోంది, ఏ కాయిల్ కొనమంటారు" అని అడుగుతారు. మీరు మీటరు పెట్టి చూశాకే అడిగారు. జబ్బు ఎక్కడుందో సగం మీరే చెప్పేశారు కాబట్టి, మిగతా సగం తేలేదాకా స్పోర్ట్స్ కాయిల్ మీద ఒక్క రూపాయి ఖర్చు పెట్టకండి. ఎలక్ట్రీషియన్ చెప్పిన డైరెక్టు వైరు మాత్రం అసలు వద్దు. ఎందుకు వద్దో కింద వివరంగా చెబుతాను.

ముందు ఆ 10.3 వోల్టుల సంగతి. కాయిల్ అంటే బ్యాటరీ కరెంటుతో ప్లగ్గులకి స్పార్కు పుట్టించే చుట్ట. బ్యాటరీ నుంచి కాయిల్‌కి చేరేలోపు 2.1 వోల్టులు దారిలోనే పోతున్నాయి. వినడానికి చిన్న నష్టంలాగే ఉంటుంది. కానీ కాయిల్‌లో నిల్వ అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి 17 శాతం తగ్గితే కరెంటూ అంతే తగ్గుతుంది, శక్తి మాత్రం 31 శాతం దాకా పడిపోతుంది. ఇంజన్ నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ వోల్టేజి పెంచుతుంది, నిజమే. అయినా దారిలో జరిగే ఈ దోపిడీ ఆగదు.

దీనికి ఎండ తోడవుతుంది. కాయిల్ లోపల ఉండేది సన్నటి రాగి తీగ. రాగి వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు 3.2 ఓమ్స్ ఉండే కాయిల్, మే నెలలో బానెట్ కింద 80 డిగ్రీలకి ఉడికిందంటే 3.9 ఓమ్స్ దగ్గరికి వెళ్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. కాయిల్ చల్లగా ఉండి, పూర్తి 12.4 వోల్టులు అందితే 3.9 ఆంపియర్లు పారతాయి. అదే వేడెక్కిన కాయిల్‌కి 10.3 వోల్టులే అందితే పారేది 2.6 ఆంపియర్లు. శక్తి సగానికన్నా తక్కువకి దిగిపోయింది. మీ కారు పొద్దున్న బాగుండి కాజ దగ్గర మొండికేయడానికి ఇది పెద్ద కారణం అయి ఉండొచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3,000 ఆర్పీఎం మీద తిరుగుతుంటే కాయిల్ సెకనుకి 100 స్పార్కులు ఇవ్వాలి. ఒక్కో స్పార్కుకీ మధ్య ఉండేది సెకనులో వందో వంతు, అందులోనూ పాయింట్లు (కాయిల్ కరెంటుని కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న కాంటాక్టులు) మూసుకుని కాయిల్‌కి కరెంటు అందేది మూడింట రెండు వంతుల సేపే. అసలే చాలీచాలని కాయిల్‌కి పుంజుకునే వ్యవధి కూడా ఉండదు.

మీ మేనమామగారి సలహా ఇందుకే ఇప్పుడు పనికి రాదు. కొత్త స్పోర్ట్స్ కాయిల్ పెట్టినా దానికీ అదే 10.3 వోల్టులు వస్తాయి. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను: పంపులో నీళ్ళు సన్నగా వస్తుంటే బిందె మారిస్తే ఏం లాభం?

వైరు ముట్టుకునే ముందు మీ కొలత ఒకసారి సరిచూసుకోండి. పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు కొలిస్తేనే ఆ అంకెకి విలువ. తెరుచుకుని ఉంటే కాయిల్‌లో కరెంటే పారదు కాబట్టి అక్కడ పోయేదీ ఏమీ ఉండదు, మీటరు అబద్ధపు ధైర్యం చెబుతుంది. పాయింట్లుండే డిస్ట్రిబ్యూటర్ (స్పార్కుని ఒక్కో సిలిండరుకీ పంచేది) మూత తీసి, కారుని నాలుగో గేరులో పెట్టి కొంచెం ముందుకు తోయండి. పాయింట్లు ముక్కుకి ముక్కు ఆనినప్పుడు ఆపండి. మీ కారు కాలపు కాయిల్ మీద ప్లస్, మైనస్ అని రెండు టెర్మినళ్ళుంటాయి. ప్లస్ అంటే కీ స్విచ్ వైపు, మైనస్ అంటే పాయింట్ల వైపు. కీ ఆన్ చేసి ఆ మైనస్ నుంచి ఇంజన్ బాడీకి కొలవండి. 0.2 వోల్టు లోపుంటే పాయింట్లు మూసుకున్నాయి, శుభ్రంగానూ ఉన్నాయి. అర వోల్టు చూపిస్తే పాయింట్లు కాలిపోయాయనో, ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) సరిగా లేదనో అర్థం. ఇదంతా నిమిషంలో ముగించి కీ ఆపేయండి. ఇంజన్ తిరగకుండా కీ ఆన్‌లో వదిలేస్తే కాయిల్ ఊరికే కాలుతుంది.

తర్వాత ఆ 2.1 వోల్టులు ఎక్కడ జారిపోతున్నాయో దారి పొడుగునా వెతకాలి. మీ కారులో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉండాలి, మధ్యలో ఒక లింకు కేబులు. ఎవరైనా ఒక్క 12 వోల్టుల బ్యాటరీకి మార్చి ఉంటే అదీ మంచిదే. అక్కడి నుంచి లావు కేబులు సెల్ఫ్ మోటారు సోలినాయిడ్‌కి (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్‌కి) వస్తుంది. సోలినాయిడ్ నుంచి గోధుమరంగు వైరు బయల్దేరి కీ స్విచ్‌కి చేరుతుంది. స్విచ్ నుంచి తెల్ల వైరు కాయిల్‌కి. ఈ కారుకి ఎలక్ట్రికల్ సామాను చేసిన లూకాస్ కంపెనీ వాళ్ళ రంగుల పద్ధతి ఇది. గోధుమరంగంటే ఎప్పుడూ ప్రాణమున్న వైరు, తెలుపంటే కీ తిప్పితే ప్రాణమొచ్చేది, ఆకుపచ్చంటే కీ తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది, నలుపంటే ఎర్త్. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన ఏ పాత ఎలక్ట్రీషియన్ అయినా ఈ రంగులు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మీటరు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద ఉంచి, పొడుగు వైరుతో రెండో ముల్లుని సోలినాయిడ్ దగ్గర, స్విచ్‌లోకి వచ్చే గోధుమ వైరు దగ్గర, బయటికి వెళ్ళే తెల్ల వైరు దగ్గర, చివరికి కాయిల్ దగ్గర పెట్టుకుంటూ రండి. అంకె ఎక్కడ గబుక్కున పెరిగితే అక్కడుంది దొంగ.

నా అనుభవంలో అది రెండు చోట్ల దాక్కుంటుంది. ఒకటి, వైర్లు కలిసే బుల్లెట్ కనెక్టర్లు. నల్ల రబ్బరు గొట్టంలో రెండు వైపుల నుంచీ దూరే ఇత్తడి గుళ్ళు. పోయిన వేసవిలో ఇలాంటి కారుదే ఒక రబ్బరు వెనక్కి లాగి చూశాను. గుండు పచ్చగా చిలుము పట్టి, గోటితో గీకితే పిండిలా రాలింది. దాని వెనక వైరు మీది తొడుగు రెండంగుళాల దాకా గట్టిపడి, వంచితే ఎండుకొమ్మలా విరిగింది. లోపలి రాగి పోగులు ఎర్రగా ఉండాల్సింది నల్లబడిపోయాయి. ఆ ఒక్క కనెక్టర్‌లోనే 0.8 వోల్టు పోతోంది. మీ కారు పదేళ్ళు గోదాములో ఉందంటున్నారు కాబట్టి ఎలుకలు కొరికిన చోట్లు కూడా చూడండి, ముఖ్యంగా కార్పెట్ కింద. రెండోది కీ స్విచ్. 50 ఏళ్ళ పైబడిన స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగి, నల్లబడి ఉంటాయి. కాయిల్, పెట్రోలు పంపు, వైపర్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, అన్నిటి కరెంటూ ఆ చిన్న కాంటాక్టు మీదుగానే పోతుంది.

కనెక్టర్లు విప్పి, సన్న ఎమరీ కాగితంతో రుద్ది, పట్టు వదిలినవి మార్చేసి మళ్ళీ కొలవండి. నష్టం అర వోల్టు లోపుకి దిగితే మీ పని అక్కడే అయిపోయింది, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) కూడా అక్కర్లేదు. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిన రాగి పట్టీని కూడా విప్పి రెండు చివరలూ మెరిసేలా రుద్దండి. ఈ ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీయే దాని ఎర్త్. ఆ పట్టీ పాడై సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబులు గుండా పోయి, కేబులు కాలిపోయిన కార్లు నాకు తెలుసు.

శుభ్రం చేశాక కూడా స్విచ్ దగ్గర ఒక వోల్టు దాకా పోతుంటే అప్పుడు రిలే పెట్టాలి. ఇక్కడే మీ ఎలక్ట్రీషియన్ ఆలోచనకీ నా ఆలోచనకీ తేడా.

ఆయన చెప్పినట్టు బ్యాటరీ నుంచి కాయిల్‌కి సూటిగా వైరు లాగితే స్పార్కు బలంగా వస్తుంది, కాదనను. కానీ మీ టాకోమీటరు ముల్లు సున్నా మీద నిద్రపోతుంది. ఆ కాలపు ఎంజీబీలో కాయిల్‌కి వెళ్ళే తెల్ల వైరు టాకో మీదుగా వెళ్తుంది. ఆ వైరులో కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఆగి పారుతుందో చూసే టాకో ఆర్పీఎం చూపిస్తుంది. డయల్ అడుగున సన్నటి అక్షరాల్లో ఆర్‌వీఐ అని ఉంటే అది ఈ రకం. ఆర్‌వీసీ అని ఉంటే అది కాయిల్ మైనస్ వైపు నుంచి సంకేతం తీసుకునే తర్వాతి రకం. మీది 1969 కాబట్టి మొదటిదే అయి ఉండాలి. డైరెక్టు వైరు లాగాక "టాకో కూడా పోయింది" అని మంచి టాకోని విప్పి రిపేరుకి పంపినవాళ్ళని చూశాను.

అంతకంటే పెద్ద సంగతి ప్రమాదం. కీకి సంబంధం లేని స్విచ్ డాష్‌బోర్డు కింద పెడితే, కీ తీసినా ఇంజన్ ఆగదు. ఇంట్లో ఇంకెవరైనా కారు నడిపితే? ఎక్కడైనా గుద్దుకుని కంగారులో కీ తిప్పితే? పైగా ఫ్యూజు లేని ప్రాణమున్న వైరు ఇంజన్ వేడిలో, ఇనుప అంచుల మీద రాసుకుంటూ ఉంటుంది. నా సొంత బండిలోనే అది జరిగింది. 1990ల్లో మా పద్మిని కారుకి ఒక ఎలక్ట్రీషియన్ ఇలాగే ఫ్యూజు లేకుండా వైరు లాగాడు. సీతానగరం దాటి కొంచెం ముందుకెళ్ళానో లేదో డాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. వెనక సీట్లో మా అమ్మ ఉంది. బ్యాటరీ టెర్మినల్ ఊడబెరకడానికి స్పానర్ దొరక్క, చేత్తోనే పీకాను. అరచెయ్యి కాలింది, కారు దక్కింది. అప్పటి నుంచీ ఫ్యూజు లేని వైరు ఎవరి బండిలో కనిపించినా నాకు ప్రాణం ఆగదు, చెప్పి తీరతాను.

ఇప్పుడు చెయ్యాల్సిన పద్ధతి. బ్యాటరీ ఎర్త్ కేబులు ముందుగా విప్పెయ్యండి. 1967 చివర్లో ఎంజీబీలు నెగెటివ్ ఎర్త్‌కి మారాయి కాబట్టి మీది మైనస్ బాడీకి తగిలి ఉండాలి. అయినా కంటితో చూసి ఖాయం చేసుకోండి, పాత కార్లని మధ్యలో ఎవరెవరు ఏం మార్చారో తెలియదు. తర్వాత కీ స్విచ్ వెనక, తెల్ల వైరు బయటికొచ్చిన చోట నాలుగంగుళాల దూరంలో కత్తిరించండి. మొత్తం హార్నెస్‌లో (కారు వైర్ల కట్టలో) మీరు కత్తిరించేది ఈ ఒక్క చోటే. స్విచ్ వైపు మిగిలిన ముక్కని రిలే 86 నెంబరు కాలికి కలపండి. హార్నెస్ వైపు ముక్కని 87కి. 85ని నల్ల వైరుతో బాడీకి, రంగు గీకిన ఇనుము మీద గట్టిగా బిగించండి. 30వ నెంబరు కాలికి కొత్త వైరు కావాలి. దాన్ని ఇంజన్ గదిలో ఫ్యూజు బాక్సు దగ్గరికొచ్చే గోధుమ వైరు నుంచి తీసుకోండి, మొదలైన చోటే 25 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు దూరంగా పెడితే దానికీ కరెంటు మూలానికీ మధ్య ఉన్న వైరుకి దిక్కుండదు. రిలేని డాష్‌బోర్డు కింద, కాళ్ళు కిందికి చూసేలా బిగించండి, నీళ్ళు పడినా నిలవవు.

ఇలా చేస్తే కీ స్విచ్ మోసేది రిలే లోపలి చిన్న చుట్టకి కావాల్సిన కరెంటు మాత్రమే, ఆంపియరులో ఐదో వంతు లోపు. అసలు బరువంతా రిలే మోస్తుంది. తెల్ల వైరు ఎప్పట్లాగే టాకో మీదుగా కాయిల్‌కి వెళ్తుంది కాబట్టి ముల్లు కదులుతుంది. పెట్రోలు పంపు కూడా ఆ తెల్ల వైరు మీదే బతుకుతుంది. దానికీ నిండుగా వోల్టేజి అందుతుంది. కీ ఆన్ చేయగానే వెనక నుంచి వచ్చే టకటక శబ్దం ముందుకన్నా చురుగ్గా వినిపిస్తుంది, గమనించండి.

కొంతమంది తెల్ల వైరుని మధ్యలో ఎక్కడో, కాయిల్ దగ్గర కత్తిరించి రిలే పెడతారు. అప్పుడు రెండు తలనొప్పులు. టాకో మళ్ళీ దారి తప్పుతుంది. రెండోది విచిత్రంగా ఉంటుంది, కీ తీసినా ఇంజన్ ఆగదు! ఆల్టర్నేటర్ ఇంకా తిరుగుతూ ఉంటుంది కదా, దాని కరెంటు డాష్‌బోర్డు మీది ఛార్జింగ్ ఎర్ర బల్బు గుండా వెనక్కి తెల్ల వైరులోకి వచ్చి, రిలేని వదలకుండా పట్టి ఉంచుతుంది. రిలే లాగడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, పట్టి ఉంచడానికి కొంచెం చాలు. స్విచ్ దగ్గరే కత్తిరిస్తే ఆ బల్బు 87 వైపు ఉండిపోతుంది, రిలే చుట్ట స్విచ్ వైపు ఉంటుంది, ఈ బెడద రాదు. పని అయ్యాక ఇంజన్ నడుస్తుండగా కీ తీసి చూడండి. టక్కున ఆగితే సరిగ్గా చేశారు.

సామాను కోసం విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళినా, మీ గుంటూరులోనే కొన్నా, రిలే మీద 12వి అని చదివాకే డబ్బులివ్వండి. అక్కడి గిరాకీ ఎక్కువగా లారీలది, లారీలవి 24 వోల్టులు. కొట్లో కుర్రాడు హడావిడిలో 24 వోల్టుల రిలే చేతిలో పెడితే రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి. 12 వోల్టుల బండిలో అది ఒకసారి పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకోదు, మీరు నెల రోజులు జబ్బు వెతుకుతారు. 30 ఆంపియర్ల నాలుగు కాళ్ళ రిలే, దాని సాకెట్టు, మూతున్న ఫ్యూజు హోల్డరు తీసుకోండి. వైరు విషయానికొస్తే, 30కి వచ్చేదానికీ 87 నుంచి వెళ్ళేదానికీ 4 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు, 85, 86లకి 1 చదరపు మిల్లీమీటరు చాలు. ఇంటి వైరింగ్‌కి వాడే తీగ వద్దు. అందులో పోగులు తక్కువ, లావు. ఇంజన్ అదురుకి లోపలే తెగుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. ఆటో వైరులో సన్న పోగులు చాలా ఉంటాయి, అదురుని తట్టుకుంటుంది. అతుకులు మెలిపెట్టి టేపు చుట్టనివ్వకండి. మన ఎండకి టేపు జిగురు కరిగి, నల్లగా జారి, వైరు బట్టలిప్పుకుని నిలబడుతుంది. లగ్గు (వైరు చివర తొడిగే లోహపు కొస) పెట్టి ప్లయరుతో సరిగ్గా నొక్కించి, పైన వేడికి ముడుచుకునే స్లీవు వేయించండి.

ఇంతా చేశాక ఒకటి చెప్పకపోతే మిమ్మల్ని తప్పుదారి పట్టించినట్టే. అరగంట నడిచాక ఆగిపోయి, 20 నిమిషాలు చల్లారితే స్టార్ట్ అవడం అనేది కండెన్సర్ పోయే తీరు కూడా. డిస్ట్రిబ్యూటర్ లోపల వేలి చివరంత డబ్బా అది. వేడెక్కితే లోపల లీకై, స్పార్కుని చంపేస్తుంది, చల్లారితే ఏమీ ఎరగనట్టు ఉంటుంది. పాయింట్ల ముక్కు మీద నీలంగా కాలిన మచ్చ, ఒక వైపు గుంట, రెండో వైపు బొడిపె ఉంటే దాన్ని అనుమానించండి. కొత్తది ఖరీదైందేమీ కాదు, కాని కొత్తదే మంచిదన్న నమ్మకం లేదు కాబట్టి రెండు కొని, బాగా పనిచేసింది బిగించి రెండోది డిక్కీలో ఉంచండి.

అదే మూత తెరిచినప్పుడు ఇంకో రెండు సన్న వైర్లు చూడండి. కాయిల్ నుంచి వచ్చి పాయింట్లకి తగిలే మెత్తటి వైరు ఒకటి, పాయింట్లున్న పళ్ళేన్ని బాడీకి కలిపే పొట్టి వైరు ఇంకొకటి. వాక్యూం లాగినప్పుడల్లా ఆ పళ్ళెం కదులుతుంది, దాంతోపాటు ఈ వైర్లూ వంగుతాయి. వేలసార్లు వంగి లోపల తెగినా పైన బట్ట తొడుగు నిలిచే ఉంటుంది. పళ్ళేన్ని వేలితో అటూ ఇటూ కదుపుతూ మీటరు ఓమ్స్‌లో చూస్తే తెగిన చోట అంకె ఎగిరిపడుతుంది. ఎలక్ట్రీషియన్లు పైపైన చూసి వదిలేసేది సరిగ్గా ఇక్కడే. పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి.

దీనికి మనిషి దొరకడేమోనని టెన్షన్ పడకండి. మీ ఎంజీబీ 1,798 సీసీ ఇంజన్, అంబాసిడర్ పాత 1,489 సీసీ పెట్రోలు ఇంజన్ ఒకే బీఎంసీ కంపెనీ బీ సిరీస్ కుటుంబంలోవి, వరసకి అన్నదమ్ములు. ఫైరింగ్ ఆర్డరు కూడా ఒకటే, 1-3-4-2. టాక్సీ అంబాసిడర్లు చేసిన పెద్ద వయసు మెకానిక్‌ని అడగండి. డిస్ట్రిబ్యూటర్ అంటే ఒక్క క్షణం ఆలోచిస్తాడేమో, డెల్కో అంటే వెంటనే అందుకుంటాడు. ఈ బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతిని 1910 ప్రాంతంలో రూపొందించిన ఛార్లెస్ కెటరింగ్ పెట్టిన కంపెనీ పేరు డెల్కో. ఆ పేరు మన మెకానిక్‌ల నోట ఇంకా బతికుంది.

కాయిల్ గురించి క్లుప్తంగా. మీ చేతిలో ఉన్నదాన్ని వైర్లు తీసి ఓమ్స్‌లో కొలవండి. 3 ఓమ్స్ దగ్గరుంటే అది మీ కారుకి తగినదే, మార్చక్కర్లేదు. 1.5 చూపిస్తే అది బలాస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి వెళ్ళే కరెంటుని తగ్గించేది) వాడాల్సిన కాయిల్. మీ కారులో ఆ రెసిస్టర్ లేదు. ఇన్నాళ్ళూ పాడైన వైరింగే దానికి రెసిస్టర్‌లా పనిచేస్తూ వచ్చి ఉంటుంది. వైరింగ్ బాగుచేసిన మర్నాడే ఆ కాయిల్‌కి 8 ఆంపియర్లు పారి, పాయింట్లు మాడి, కాయిల్ లోపలి నూనె బయటికి కారుతుంది. రిలే పెట్టే ముందే ఈ కొలత తీసుకోండి, తర్వాత కాదు. వైర్లు మళ్ళీ బిగించేటప్పుడు తెల్లది ప్లస్‌కే పోవాలి. తిరగేసినా ఇంజన్ నడుస్తుంది కాని ప్లగ్గులో స్పార్కు ఎదురుదిశలో దూకాల్సి వస్తుంది. వేడిగా ఉండే మధ్య కడ్డీ నుంచి దూకడం తేలిక, చల్లటి బయటి కొక్కెం నుంచి దూకడం కష్టం. వేసవిలో ఆ తేడా కూడా మిస్సింగ్‌గా బయటపడుతుంది.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మంచిదే, నేను వ్యతిరేకిని కాను. పాయింట్లు అరగడం, గ్యాపు సర్దడం తప్పుతాయి. కానీ వైరింగ్ ఇలా ఉండగా పెట్టిస్తే ఆ మాడ్యూలు పాయింట్ల కన్నా ముందే మొరాయిస్తుంది, దానికి వోల్టేజి సరిగ్గా అందాలి. పాయింట్లు పాడైతే రోడ్డు పక్కన గీకి ఇంటికి రావచ్చు, మాడ్యూలు పోతే లారీ ఎక్కించాలి. ఈ వేసవి పాయింట్లతోనే నడపండి. వానలు పడ్డాక, మీటరు అంకెలు సరిగ్గా నిలిచాయనుకున్నాక పెట్టించండి, తీసిన పాయింట్లూ కండెన్సరూ మూటగట్టి డిక్కీలో వేసుకోండి.

పని పూర్తయిన రోజు మధ్యాహ్నం రెండింటికి, ఎండ నడినెత్తి మీదుండగా, గుంటూరు నుంచి కాజ దాకా వెళ్ళి అక్కడే బానెట్ ఎత్తి, పాయింట్లు మూసుకుని ఉండగా కాయిల్ దగ్గర మళ్ళీ కొలవండి. బ్యాటరీకీ దానికీ మధ్య తేడా అర వోల్టు లోపు ఉంటే మీ మేనమామగారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వారధి దాటి బెజవాడ రండి. గ్లవ్ బాక్సులో ఒక అదనపు రిలే, రెండు ఫ్యూజులు, రెండు చివరలా లగ్గులున్న జానెడు వైరు ముక్క పెట్టుకోండి. రిలే దారిలో పోతే సాకెట్టులో 30, 87 ఆ ముక్కతో కలిపి ఇంటికి చేరుకోవచ్చు. ఇంటికి చేరగానే అది తీసెయ్యడం మర్చిపోకండి, అది ఉన్నంతసేపూ కీ తీసినా కాయిల్‌కి కరెంటు వెళ్తూనే ఉంటుంది.